పెద్ద లాప్‌టాప్ వదిలి చిన్నదానికి మారాలా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకి ఒక లెక్క

15.6 అంగుళాల లాప్‌టాప్ కొన్న కొత్తలో అందరికీ ముచ్చటగానే ఉంటుంది. సినిమా బాగుంటుంది, ఎక్సెల్ షీట్ వెడల్పుగా కనపడుతుంది, పక్కన నంబర్ ప్యాడ్ కూడా ఉంటుంది. రెండేళ్లు గడిచేసరికి అసలు సంగతి తెలుస్తుంది. కావలి నుంచి నెల్లూరుకి రోజూ రైల్లో వచ్చిపోయేవాళ్లకి, ఒంగోలు ఆడిటర్ ఆఫీసుకీ చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకీ మధ్య బండి మీద తిరిగేవాళ్లకి ఆ ముచ్చటంతా భుజం నొప్పి కింద తేలుతుంది. అక్కణ్ణించి ప్రశ్నలు మొదలు. 13 తీసుకోవాలా, 14 తీసుకోవాలా? చిన్నదైతే కళ్లు లాగుతాయా? నంబర్ ప్యాడ్ లేకుండా ట్యాలీ ఎట్టా?

నా మాట ముందే చెప్పేస్తాను. మారాలనుకునేవాళ్లలో ఎక్కువమందికి సరిపోయేది 14 అంగుళాలది, అందులోనూ కాస్త పొడుగాటి 16:10 స్క్రీన్ (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10 పాళ్లు) ఉన్నది. 13 అంగుళాలది రోజూ మోసేవాళ్లకి, అదీ ఇంట్లోనో ఆఫీసులోనో విడిగా మానిటర్ ఉన్నవాళ్లకి. పొద్దస్తమానం అంకెలు కొట్టేవాళ్లు, లాప్‌టాప్‌ని టేబుల్ మీంచి కదపనివాళ్లు అసలు మారాల్సిన పనే లేదు. ఇంకో మాట: చిన్న లాప్‌టాప్ ధర చూసేటప్పుడు దాంతోపాటు టేబుల్ మీదకి కావలసిన సామాను ధర కూడా కలిపి చూడాలి. పెద్దదాంట్లో ఒంటికే అతుక్కుని వచ్చినవి చిన్నదాంట్లో విడిగా కొనుక్కోవాల్సి వస్తుంది. ఈ లెక్క వేసుకోని వాళ్లే కొన్న నెలకి మళ్లీ పెద్దదాని వైపు చూస్తుంటారు.

ముందు చూడాల్సినవి

*బరువు.* డబ్బా మీద రాసిన బరువు చూసి నిర్ణయించకండి. భుజం మోసేది బ్యాగుని. మామూలు 15.6 అంగుళాల లాప్‌టాప్ 1.7 నుంచి 1.9 కిలోలు ఉంటుంది, దాని ఛార్జర్ ఇంకో 300, 400 గ్రాములు. గేమింగ్ రకమైతే లాప్‌టాప్ రెండుంబావు కిలోల పైమాటే, ఛార్జర్ ఇటుకే అర కిలో దాటుతుంది. 14 అంగుళాలది 1.3 నుంచి 1.5 కిలోలు. 13 అంగుళాలది 1.1 నుంచి 1.3. ఇవి చాలావరకు టైప్-సి మీద ఛార్జ్ అవుతాయి కాబట్టి 65 వాట్ల చిన్న ఛార్జర్ చాలు, అది 150 గ్రాములకు అటూ ఇటూ. అంటే మామూలు 15.6 నుంచి 14కి మారితే తగ్గేది అర కిలో పైచిలుకు. గేమింగ్ దాన్నుంచి మారితే కిలోకి మించి తగ్గుతుంది. 14 నుంచి ఇంకా కిందికి 13కి దిగితే తగ్గేది మాత్రం ఓ రెండు వందల గ్రాములే. ఆ రెండు వందల గ్రాముల కోసం ఏమేం వదులుకుంటున్నామో చూసుకోవాలి.

*వెడల్పు.* బరువు గురించి అందరూ మాట్లాడతారు గానీ నిజానికి ఇబ్బంది పెట్టేది వెడల్పు. చైర్‌కార్‌లో ముందు సీటు వెనకున్న పలక మీద 15.6 పెట్టి చూడండి. ముందాయన సీటు వెనక్కి వాల్చాడంటే మూత సగమే తెరుచుకుంటుంది, మోచేతులు పక్కాయన ఒళ్లో ఉంటాయి. పల్లెవెలుగు బస్సులో ఒళ్లో బ్యాగు పెట్టుకున్నా అంతే. 14 అంగుళాలది ఆ పలక మీద కుదురుగా కూర్చుంటుంది.

*స్క్రీన్ ఆకారం.* అంగుళాలనేవి మూల నుంచి మూలకి కొలిచే కొలత. అందుకే ఆ ఒక్క అంకె చూసి మోసపోతాం. 15.6 అంగుళాల 16:9 స్క్రీన్ వెడల్పు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4. 14 అంగుళాల 16:10 స్క్రీన్ వెడల్పు 30.2, ఎత్తు 18.8. చూశారా, వెడల్పులో నాలుగు సెంటీమీటర్లు పోయినా ఎత్తులో పోయింది అర సెంటీమీటరు పైచిలుకే. ఉత్తరాలు, పీడీఎఫ్‌లు, కోడ్, జీవోలు చదివేవాళ్లకి కావలసింది ఎత్తు. వాళ్లకి ఈ మార్పు పెద్దగా తెలియదు. పక్కపక్కన రెండు ఫైళ్లు తెరిచి పనిచేసేవాళ్లకి, ముప్పై కాలమ్‌ల ఎక్సెల్ చూసేవాళ్లకి మాత్రం బాగా తెలుస్తుంది. అదే 14 అంగుళాల్లో పాత 16:9 రకం తీసుకుంటే ఎత్తు 17.4కి పడిపోతుంది. తక్కువ ధర మోడళ్లలో ఇంకా ఇదే వస్తోంది, చూసి వద్దనండి. స్పెసిఫికేషన్‌లో 1920×1080 అని ఉంటే పాత ఆకారం, 1920×1200 అని ఉంటే కొత్త ఆకారం.

*తెలుగు అక్షరం.* ఇంగ్లిష్ రివ్యూల్లో ఈ సంగతి దొరకదు. ఇంగ్లిష్ అక్షరానికి పైనా కిందా పెద్దగా ఏమీ ఉండదు. మన దానికి పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు. అదే ఫాంట్ సైజులో ఇంగ్లిష్ హాయిగా చదవగలిగిన కళ్లే 'స్త్రీ', 'క్ష్మ' దగ్గర ముడుచుకుంటాయి. విండోస్‌లో స్కేలింగ్ అని ఒకటుంది, 100, 125, 150 శాతం అని. 15.6 ఫుల్ హెచ్‌డీలో 125 మీద పనిచేయడానికి అలవాటుపడి, 14 అంగుళాల 1920×1200లో కూడా 125 పెడితే అక్షరం దాదాపు 13 శాతం చిన్నదవుతుంది. పోనీ 150 పెడితే పాతదానికన్నా పిసరంత పెద్దదే అవుతుంది, కానీ అడ్డంగా కనపడేది ఆరో వంతు తగ్గిపోతుంది. మధ్యేమార్గం ఒకటుంది: స్కేలింగ్ 125 మీదే ఉంచి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద 'టెక్స్ట్ సైజ్'ని మాత్రం కొంచెం పెంచడం, బ్రౌజర్‌లో తెలుగు పేపర్లు చదివేటప్పుడు జూమ్ 110 పెట్టడం. నలభై దాటి చత్వారం మొదలైనవాళ్లు కొనకముందే షాపులో ఇది సరిచూసుకోవాలి.

*కీబోర్డు.* 14 అంగుళాల దాంట్లో అక్షరాల కీలు పెద్దదాంట్లో ఉన్నంతే ఉంటాయి, అక్కడ భయం లేదు. పోయేది కుడిపక్క నంబర్ ప్యాడ్. దాంతోపాటు హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్ కూడా చాలా మోడళ్లలో విడి కీలుగా ఉండవు, ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాల్సిందే.

*పోర్టులు.* పల్చగా చేయాలంటే కంపెనీ వాళ్లు ముందు కోసేసేవి ఇవే. ల్యాన్ పోర్టు ఉండదు, మెమరీ కార్డు బొక్క ఉండదు, కొన్నింటిలో పాత యూఎస్‌బీ (మామూలు పెన్‌డ్రైవ్ పెట్టే వెడల్పాటిది) కూడా ఉండదు.

*వేడి.* ల్యాప్‌టాప్ చిన్నదైన కొద్దీ లోపల గాలి తిరిగే చోటు తగ్గుతుంది. ఎండాకాలంలో మన దగ్గర సంగతి తెలిసిందే. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లకి వాడదగ్గ వేడి 10 నుంచి 35 డిగ్రీలని రాసిపెట్టింది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని మేడ గదిలో ఆ 35 ఎప్పుడో దాటిపోతుంది. చిన్నవి అప్పుడు పాడైపోవు గానీ వేగం తగ్గించుకుంటాయి. బ్రౌజింగ్, ట్యాలీ, వర్డ్ లాంటి పనుల్లో ఇది తెలియదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ డ్రాయింగ్ పెడితే పదో నిమిషానికి తెలుస్తుంది.

*ర్యామ్.* పెద్దవాటిలో తర్వాత ర్యామ్ వేయించుకునే స్లాటు మామూలుగా ఉంటుంది. చిన్నవాటిలో చాలావరకు బోర్డుకే అతికించేస్తారు. కొన్న రోజున ఎంతుంటే చివరిదాకా అంతే. కాబట్టి 8 జీబీ కొని తర్వాత చూద్దాంలే అనే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. విండోస్ 11కి 16 జీబీ కనీసం అనుకోండి.

దగ్గర పెట్టి చూస్తే

| చూడాల్సింది | 13 అంగుళాలు | 14 అంగుళాలు (16:10) | తేలికపాటి 16 | పాత 15.6 |
|---|---|---|---|---|
| స్క్రీన్ వెడల్పు × ఎత్తు (సెం.మీ.) | 28.6 × 17.9 | 30.2 × 18.8 | 34.5 × 21.5 | 34.5 × 19.4 |
| బరువు (కిలోలు) | 1.1–1.3 | 1.3–1.5 | 1.2–1.6 | 1.7–1.9 |
| నంబర్ ప్యాడ్ | ఉండదు | చాలావాటిలో ఉండదు | చాలావాటిలో ఉంటుంది | ఉంటుంది |
| పాత యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ | తక్కువ | చాలావాటిలో ఉంటాయి | చాలావాటిలో ఉంటాయి | ఉంటాయి |
| ర్యామ్ పెంచుకునే వీలు | లేనట్టే | కొన్నింటిలో | కొన్నింటిలో | మామూలుగా ఉంటుంది |
| రైల్లో, బస్సులో | హాయి | బాగానే | ఇబ్బంది | కష్టం |
| రోజంతా అంకెల పని | వద్దు | విడి ప్యాడ్‌తో సరే | బాగు | బాగు |

13లో చెప్పిన కొలత 13.3 అంగుళాల 16:10 రకానిది. మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ.

ఒక్కొక్కటీ

*13 అంగుళాలు.* ఈ సైజులో ఎక్కువమంది అడిగేది మ్యాక్‌బుక్ ఎయిర్. దాని స్క్రీన్ 13.6 అంగుళాలు, బరువు 1.24 కిలోలు. ఇందులో ఫ్యాన్ లేదు. చీమకుర్తి వైపు పనిచేసేవాళ్లకి ఇది మంచి గుణం. కోత మిషన్ల దగ్గర లేచే రాతి పొడి ఫ్యాన్ ఉన్న లాప్‌టాప్ లోపలికి ఎట్టా పోతుందో, ఏడాదికోసారి విప్పి తుడిపించేవాళ్లని అడిగితే తెలుస్తుంది. గాలిని లోపలికి లాగే ఫ్యానే లేకపోతే ఆ బెడద సగానికి సగం తగ్గుతుంది. కానీ రెండు చిక్కులు. ట్యాలీ మ్యాక్‌లో నేరుగా నడవదు, చుట్టుదారులు వెతుక్కోవాలి. ఛార్జింగ్‌ది, హెడ్‌ఫోన్‌ది పోను మిగతా పోర్టులు టైప్-సి మాత్రమే, అవీ రెండే. విండోస్‌లో 13 అంగుళాలవి ఇప్పుడు తగ్గిపోయాయి, ఉన్నవి ధర ఎక్కువ. రోజూ బ్యాగులో వేసుకుని తిరుగుతూ, రాత, చదువు, మీటింగులు, మెయిళ్లతో సరిపెట్టుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. ఇంట్లో మానిటర్ లేకుండా దీన్ని ఒక్కదాన్నే రోజుకి ఎనిమిది గంటలు చూస్తామంటే మాత్రం మెడకి పని చెప్పినట్టే.

*14 అంగుళాలు.* మోడళ్లు ఎక్కువ, ధరల్లో అన్ని మెట్లూ ఉన్నాయి, సెకండ్ హ్యాండ్ కూడా బాగా దొరుకుతుంది. వ్యాపార వాడకం కోసం చేసే 14 అంగుళాల రకాలు, అంటే లెనోవో థింక్‌ప్యాడ్ టీ వరుస, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి, కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేశాక మార్కెట్‌కి వస్తాయి. నెల్లూరు నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి తెచ్చుకునేది చాలావరకు ఇవే. వీటిలో కొన్నింటికి ర్యామ్ స్లాట్లు ఉంటాయి, కీబోర్డు గట్టిది, పాత యూఎస్‌బీ కూడా ఉంటుంది. అయితే ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాతది తీసుకోవద్దు. విండోస్ 11 దానికి అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. బ్యాటరీ అరిగిపోయి ఉంటుందనే అనుకుని, కొత్త బ్యాటరీ ధర కూడా బేరంలో పెట్టండి.

కొత్తవాటిలో స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న విండోస్ లాప్‌టాప్‌లు కనపడతాయి. బ్యాటరీ రోజంతా వస్తుంది, వేడి తక్కువ, చూడ్డానికి బాగుంటాయి. మామూలు సాఫ్ట్‌వేర్లు కూడా వాటిలో నడుస్తాయి. కానీ విడిగా తగిలించే పరికరాల డ్రైవర్లు మాత్రం ఆ ప్రాసెసర్‌కి ప్రత్యేకంగా రాసినవే కావాలి. పాత ప్రింటర్, వేలిముద్రల మిషన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది) — వీటిలో ఏది పనిచేస్తుందో ఏది మొరాయిస్తుందో తగిలించి చూస్తే గానీ తెలియదు. వ్యాపారం చేసేవాళ్లు, మీసేవ లాంటి పనులున్నవాళ్లు ఇంటెల్, ఏఎండీలకే కట్టుబడి ఉండటం మేలు. ఉద్యోగానికి, చదువుకి మాత్రమే అయితే స్నాప్‌డ్రాగన్ బాగానే ఉంటుంది.

*తేలికపాటి 16.* స్క్రీన్ పెద్దదయితే బరువు కూడా ఎక్కువే ఉండాలని లేదు. ఎల్‌జీ గ్రామ్ 16 అంగుళాలది కిలో 200 గ్రాముల దగ్గరే ఉంటుంది, 15 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ కిలోన్నర. భుజం నొప్పి ఒక్కటే మీ బాధ అయితే చిన్న స్క్రీన్‌కి దిగకుండానే అది తీరుతుంది. కారులో తిరుగుతూ, చేరిన చోట టేబుల్ మీద పెట్టుకుని పనిచేసేవాళ్లు ఈ దారి చూడొచ్చు. ధర బరువెక్కుతుంది, అంతే.

*పాతదాన్నే ఉంచుకోవడం.* దీన్ని కూడా ఒక ఎంపికగా లెక్కపెట్టాలి. హార్డ్ డిస్క్ ఉన్న పాత లాప్‌టాప్ అయితే ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ పెంచితే కొత్త ప్రాణం వస్తుంది. నిజంగా నెలకి ఒకటి రెండు సార్లే బయటికి తీసుకెళ్లేవాళ్లు కొత్తదానికి డబ్బు పోయడం దండగ.

మీరు ఏ పని చేస్తారో దాన్ని బట్టి

*ట్యాలీ, జీఎస్టీ పనివాళ్లు.* గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులు, రైస్ మిల్లులు, మేత డీలర్లు, ఆడిటర్ల దగ్గర చేసే అకౌంటెంట్లు — ఈ రెండు జిల్లాల్లో లాప్‌టాప్ మీద అందరికన్నా ఎక్కువ కీలు కొట్టేది వీళ్లే. అందుకే వీళ్ల సంగతి కొంచెం విడమరిచి చెబుతాను.

ట్యాలీ పనంతా కుడిచేతి అంకెల మీద, పైవరస ఎఫ్ కీల మీద నడుస్తుంది. పేమెంటుకి ఎఫ్5, రిసీట్‌కి ఎఫ్6, జర్నల్‌కి ఎఫ్7, సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9. చిన్న లాప్‌టాప్‌లు పెట్టెలోంచి తీసినప్పుడు ఈ వరస చాలావాటిలో వాల్యూమ్‌కి, వెలుతురుకి కట్టేసి ఉంటుంది. ఎఫ్5 కొడితే పేమెంట్ వోచర్ రాదు, స్క్రీన్ వెలుతురో కీల కింద లైటో మారుతుంది. చాలా మోడళ్లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి ఒకసారి నొక్కితే ఇది తిరగబడి మామూలవుతుంది. కొన్నింటిలో బయోస్‌లోకి (లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి మార్చాలి. ముందు వోచర్‌కి పేజ్ అప్, తర్వాతదానికి పేజ్ డౌన్ అని వేళ్లకి అలవాటైపోయి ఉంటుంది. కొత్తదాంట్లో వాటికి విడి కీలు లేకపోతే ప్రతి వోచర్‌కీ రెండు కీలు. రోజుకి వందల వోచర్లు తిప్పేవాళ్లకి సాయంత్రానికి చిరాకు ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. అందుకే వీళ్లు 14 కొనేటప్పుడు బాణం కీల పక్కనో, కుడి అంచునో పేజ్ అప్, పేజ్ డౌన్ విడిగా ఉన్న మోడల్ కోసం వెతకాలి. థింక్‌ప్యాడ్లలో చాలావాటికి ఎడమ, కుడి బాణం కీలకి పైన విడిగా ఉంటాయి.

నంబర్ ప్యాడ్ కొరత తీర్చడానికి యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా దొరుకుతుంది, వెయ్యి రూపాయల లోపే. తక్కువ బరువు, అరచేయంత ఉంటుంది. చిన్న చిట్కా: వైర్‌ది తీసుకోండి. బ్లూటూత్‌ది కాసేపు వదిలేస్తే నిద్రపోతుంది, లేచేలోపు మొదటి అంకె మింగేస్తుంది. 15,000 కాస్తా 5,000 అయితే ఆ తేడా రాత్రి దాకా వెతకాలి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు చాలావరకు పాత యూఎస్‌బీవే. కాబట్టి కనీసం రెండు పాత యూఎస్‌బీ పోర్టులున్న 14 అంగుళాలదే చూడండి. ఒకటి టోకెన్‌కి, ఒకటి ప్యాడ్‌కి. హబ్ (ఒక పోర్టుకి తగిలిస్తే ఎక్కువ పోర్టులు ఇచ్చేది) పెట్టుకోవచ్చు గానీ, రిటర్న్ ఆఖరి తేదీ రాత్రి హబ్ వదులై టోకెన్ దొరకడం లేదని వస్తే ఆ టెన్షన్ ఎవరికి కావాలి! ఆఫీసులో ఒకే చోట కూర్చుని చేసే అకౌంటెంట్లయితే మారకండి. నలుగురైదుగురు పార్టీల దగ్గరికి తిరిగి లెక్కలు రాసేవాళ్లయితే 14, విడి ప్యాడ్, ఆఫీసులో పాత మానిటర్. ఈ మూడూ కలిస్తే పెద్దదాన్ని మిస్ అవ్వరు.

*ఇంజినీరింగ్ పిల్లలు.* కంప్యూటర్ సైన్స్ వాళ్లకి 14 అంగుళాలు, 16 జీబీ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కాలేజీ బస్సు, హాస్టల్ మంచం, లైబ్రరీ ఎక్కడైనా ఇమిడిపోతుంది, కోడ్‌కి కావలసిన ఎత్తు కూడా ఉంటుంది. సివిల్ వాళ్లకి ఆటోక్యాడ్ టూడీ వరకు విడి గ్రాఫిక్స్ కార్డు లేకున్నా నడుస్తుంది. మెకానికల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్, సివిల్ వాళ్లు రెవిట్ దాకా వెళ్తే మాత్రం గ్రాఫిక్స్ కార్డు కావాలి, అప్పుడు చిన్న సైజు ఆశ కొంచెం తగ్గించుకోవాలి. 14 అంగుళాల్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నవి లేకపోలేదు, కిలోన్నర ప్రాంతంలోనే ఉంటాయి, కానీ అదే శక్తి ఉన్న 15.6 కన్నా ధర బాగా ఎక్కువ. గేమ్స్ కోసం "ప్రాజెక్టుకి కావాలి నాన్నా" అని అడిగే పిల్లలకి ఈ పేరా చూపించకండి.

*ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు.* మాగుంట లేఔట్‌లోనో లాయర్‌పేటలోనో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసేవాళ్లకి లాప్‌టాప్ సైజు పెద్ద విషయం కాదు, మానిటర్ విషయం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ సుమారు పది వేలకి వస్తుంది. అది పెట్టుకున్నాక లాప్‌టాప్ 13 అయినా 14 అయినా ఒకటే. ఇక్కడ చూసుకోవలసింది లాప్‌టాప్‌లోని టైప్-సి పోర్టు. అన్ని టైప్-సిలూ బొమ్మని బయటికి పంపవు, అన్నీ ఛార్జింగ్ తీసుకోవు. తక్కువ ధర వాటిలో అది ఫైళ్లు ఎక్కించడానికి మాత్రమే ఉంటుంది. పోర్టు పక్కన మెరుపు గుర్తో డిస్‌ప్లే గుర్తో ఉందేమో చూడండి, స్పెసిఫికేషన్‌లో 'డిస్‌ప్లేపోర్ట్', 'పవర్ డెలివరీ' అనే మాటలు వెతకండి. రెండూ ఉండి, మానిటర్ కూడా టైప్-సిది అయితే ఒకే వైరుతో బొమ్మా ఛార్జింగూ రెండూ అయిపోతాయి. కరెంటు పోయినా ఇబ్బంది లేదు. చిన్న లాప్‌టాప్, 24 అంగుళాల మానిటర్ రెండూ కలిపి ఇంటి ఇన్వర్టర్‌కి బరువు కాదు.

*డీటీపీ, ప్రెస్ వాళ్లు.* పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసేవాళ్లలో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిపేవాళ్లు చాలామంది. వీళ్లకి చిన్న లాప్‌టాప్‌లో వచ్చే అసలు చిక్కు అంగుళాల్లో కాదు, రెజల్యూషన్‌లో, అంటే స్క్రీన్ మీది చుక్కల లెక్కలో. 2.8కే (అడ్డంగా 2880 చుక్కలు) అని గొప్పగా చెప్పే స్క్రీన్ మీద పాత సాఫ్ట్‌వేర్ మెనూలు చీమ తలకాయంత అవుతాయి, లేకపోతే మసకబారతాయి. మారక తప్పదంటే 1920×1200 స్క్రీనే తీసుకుని, మీ ప్రెస్‌లో పెద్ద మానిటర్‌కి తగిలించుకోండి.

*చెరువుల మీద తిరిగేవాళ్లు.* ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లే టెక్నీషియన్లు, మేత కంపెనీల ఫీల్డ్ స్టాఫ్‌కి గట్టు మీద ఏ లాప్‌టాప్ అయినా ఇబ్బందే. తక్కువ ధర లాప్‌టాప్ స్క్రీన్ వెలుతురు 250 నిట్స్, ఎండలో అద్దంలా మీ మొహమే కనపడుతుంది. కనీసం 400 నిట్స్, అదీ మెరుపు లేని మ్యాట్ స్క్రీన్ కావాలి. ఉప్పు గాలికి పోర్టులు తుప్పు పడతాయి కాబట్టి బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు పడేసి ఉంచండి, ఎండలో నిలిపిన కారులో వదిలిపెట్టకండి. నన్నడిగితే గట్టు మీద లెక్కలు ఫోన్‌లో ఎక్కించుకుని, ఇంటికొచ్చాక లాప్‌టాప్ తెరవడం మంచిది.

*టీచర్లు.* 14 చాలు. హెచ్‌డీఎంఐ పోర్టు ఒంటికే ఉన్నది తీసుకోండి, బడిలో ప్యానెల్‌కో ప్రొజెక్టర్‌కో తగిలించేటప్పుడు కన్వర్టర్ ఇంట్లో మర్చిపోయామనే బాధ ఉండదు.

షాపుకి వెళ్లినప్పుడు

ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ముందు ట్రంక్ రోడ్డు మీదో కర్నూలు రోడ్డు మీదో ఏదైనా షోరూమ్‌లో అదే సైజుది చేత్తో పట్టుకుని చూడండి. పెన్‌డ్రైవ్‌లో మీ సొంత ఎక్సెల్ ఫైల్ తీసుకెళ్లండి. షోరూమ్‌లో ఆడే రంగురంగుల వీడియోలో ఏ స్క్రీనైనా బాగుంటుంది, మీ ముప్పై కాలమ్‌ల షీట్‌లో బాగుందా అనేదే చూడాలి. తెలుగు పేపర్ వెబ్‌సైట్ ఒకటి తెరిచి, కుర్చీలో మామూలుగా కూర్చుని ఒక వార్త చివరిదాకా చదవండి. మీకు తెలియకుండానే ముందుకి వంగుతున్నారంటే ఆ సైజు మీది కాదు, లేదా స్కేలింగ్ మార్చాలి. రోజూ వాడే బ్యాగు వెంట తీసుకెళ్లి అందులో పెట్టి చూడండి. 15.6 బ్యాగులో 14 వదులుగా కదులుతుంటుంది, గతుకుల రోడ్ల మీద బండికి అది మంచిది కాదు, పల్చటి స్లీవ్ ఒకటి తీసుకోవాలి.

వారంటీ సంగతి ఇంకోటి. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లోనే ఉందా, లేక చెన్నైకో విజయవాడకో పంపుతారా అని బిల్లు కట్టకముందే అడగండి. పెద్ద లాప్‌టాప్ చెడితే ఊళ్లో మెకానిక్ ఏదో ఒకటి చేస్తాడు. చిన్నదాంట్లో అన్నీ బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి చాలాసార్లు బోర్డు మార్చడమే. అందుకే కొంచెం ఎక్కువైనా ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ రెండు మూడేళ్లకి తీసుకోవడం చిన్నవాటి విషయంలో డబ్బుకి తగ్గ పని.

పాత 15.6ని వెంటనే అమ్మేయకండి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చే ధర ఎట్లాగూ అంతంతమాత్రం. ఒక నెల రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏ పనికి చెయ్యి పాతదాని మీదకే పోతోందో చూడండి. అంకెల పనికే అయితే నంబర్ ప్యాడ్ కొనండి, చదవడానికే అయితే మానిటర్ కొనండి. రెండింటికీ కాకపోతే అప్పుడు అమ్మండి. అమ్మేముందు ట్యాలీ డేటా బ్యాకప్ తీసుకుని కొత్తదాంట్లో రీస్టోర్ చేసి, లైసెన్స్ పాతదాంట్లో సరెండర్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోండి. ఆ తర్వాతే డిస్క్ మొత్తం చెరిపేయండి.